రాడ్లు బంగారం, పేచీ అంతా వాల్వులతోనే: మూడు సీజన్లు నడిపిన నాస్కార్ సెకండ్‌హ్యాండ్ ఇంజిన్

అమెరికాలోని నార్త్ కరొలైనాలో నాస్కార్ (స్టాక్ కార్ రేసులు) టీములు విప్పి అమ్మేసిన ఎస్‌బీ2 (షెవర్లే, అంటే చెవీ, స్మాల్ బ్లాక్ వీ8లో రేసు రకం) సామాన్లతో కట్టిన డ్రాగ్ (తిన్నటి దారిలో చిన్న దూరపు రేసు) ఇంజిన్ ఇది. 4.185 అంగుళాల బోరు, 3.250 స్ట్రోకు. ఎంత పవర్, ఏ కార్బురేటర్ అనేవి ఈ సరుకు వెతికే వాళ్లకి తెలిసినవే. చెప్పాల్సింది టైటానియం వాల్వుల సంగతి.

మొదటి సీజన్ తర్వాత, ఈ వాల్వులు, రాడ్లు (పిస్టన్‌ని క్రాంకుకి కలిపేవి) కొనొచ్చా అని అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని కొనండి" అని నేను చెప్పడం నిజమే. వాల్వు తేలికైతే స్ప్రింగుకి పని తగ్గుతుంది, 9000 ఆర్‌పీఎమ్ దగ్గర కూడా ఫ్లోట్ కాదు (క్యామ్ కదలికకి వెనకబడి తేలిపోదు). ఆ మాట ఇప్పుడు సగమే నిలబడుతుంది.

రెండో సీజన్ మధ్యలో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ టాపెట్ గ్యాప్ (వాల్వు కొనకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) తగ్గసాగింది. 22 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెడితే ఒక వారాంతానికి 19. సరిచేస్తే మళ్లీ 18. క్యామ్ గానీ టాపెట్ గానీ అరిగితే గ్యాప్ పెరగాలి. తగ్గిందంటే వాల్వు సీటులోకి దిగుతోంది, లేదా వాల్వు తల వంగుతోంది. అది తెలిసీ ప్రతిసారీ స్క్రూ వదులు చేసి నడపడమే అసలు తప్పు. లీక్‌డౌన్ (సిలిండర్లోంచి కారిపోయే గాలి) 5 శాతం నుంచి 30కి చేరాక హెడ్ విప్పితే వాల్వు ముఖం చుట్టూ గాడి పడి ఉంది.

కారణం మెషిన్ షాపులో దొరికింది. మామూలు స్టీలు వాల్వుకి చేసినట్టే గ్రైండింగ్ పేస్టు పెట్టి రుద్దారు. టైటానియం మీద ఉండే పలుచని గట్టి పూత దాంతో పోతుంది, కింది లోహం సీటుకి అంటుకుని చిరుగుతుంది. దానికి తోడు గట్టి ఇనుప సీటు వేశారు. ఈ వాల్వులకి రాగి మిశ్రమం సీటే కావాలి, వేడిని త్వరగా లాగేస్తుంది. (బెరీలియం ఉన్న రకమైతే కోసేటప్పుడు దుమ్ము పీల్చకండి, విషం.) సీటు కోత మిషన్ మీదే పూర్తవ్వాలి, పొంతన చూడ్డానికి బ్లూ (తాకిన చోట అచ్చు పడే రంగు), వాక్యూమ్ టెస్టు చాలు. పగుళ్లు వెతకడానికి మాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో చేసే పరీక్ష) పనికిరాదు, టైటానియానికి అయస్కాంతం పట్టదు. డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే రంగు) వాడాలి.

వాల్వు స్ప్రింగులు మాత్రం సెకండ్‌హ్యాండ్ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పాత పిస్టన్లూ అంతే.

రాడ్ల మీద పొగడ్త అలాగే ఉంది, ఒక్క సవరణతో: బోల్టులు కొత్తవి వేయాలి. బోల్టు మొదటి పొడవు కన్నా ఒక్క థౌ మించి సాగితే పారేయాల్సిందే, పాత సరుకుకి ఆ మొదటి పొడవు ఎవరు రాసిపెడతారు? మార్చాక బిగించి బిగ్ ఎండ్ (రాడ్‌కి క్రాంకు వైపు రంధ్రం) గుండ్రం కొలిపించాలి. జర్నల్ (క్రాంకు మీద రాడ్ పట్టే చోటు) సైజు కూడా చూసుకోండి. రేసు రాడ్లలో వాడే హోండా సైజంటే సుమారు 1.888 అంగుళాలు, మామూలు చెవీ క్రాంకు 2.100. అది చూడకుండా రాడ్లు కొంటే క్రాంకూ కొనాల్సొస్తుంది. ఎస్‌బీ2 హెడ్లకి మామూలు స్మాల్ బ్లాక్ క్యామ్, మానిఫోల్డ్, హెడర్లు సరిపోవు. చవక బేరం సగం అక్కడే కరిగిపోతుంది.

దగ్గర్లో టైటానియం పని తెలిసిన షాపు ఉండి, వారాంతం అయ్యాక ఓపిగ్గా గ్యాపులు రాసిపెట్టుకునేవాళ్లయితే తీసుకోవచ్చు. బ్రాకెట్ రేసులకి (ముందే చెప్పిన టైముకి దగ్గరగా పరుగెత్తే డ్రాగ్ రేసులు) స్టెయిన్‌లెస్ వాల్వులేసి రెవ్స్ తగ్గించుకోవడమే నయమేమో. ఈ ఇంజిన్లో ఇప్పుడు ఎగ్జాస్ట్ వైపు కొత్త టైటానియం వాల్వులు, ఇన్‌టేక్ వైపు ఆ పాతవే నడుస్తున్నాయి.