హనుమకొండ కన్సల్టెన్సీల స్పౌజ్ గ్రీన్‌కార్డు ప్యాకేజీ: దేనికి డబ్బు కట్టొచ్చు, దేనికి వద్దు

అమెరికా సిటిజన్ అయిన భర్తో భార్యో ఇక్కడున్నవాళ్లను తీసుకెళ్లే ఫైలును నక్కలగుట్ట, హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల కన్సల్టెన్సీలు ‘ఫుల్ ప్యాకేజీ’ అని పట్టుకుంటున్నాయి. మొత్తం ప్యాకేజీ దండగ. కాగితాలు సమకూర్చడం వరకే వీళ్లకు అప్పజెప్పండి.

ఆ పని మాత్రం బాగానే చేస్తారు. పేరు ఎక్కని బర్త్ సర్టిఫికెట్లు మన దగ్గర బోలెడు. వాటిలో పేరు చేర్పించడం, సబ్ రిజిస్ట్రార్ దగ్గర మ్యారేజ్ సర్టిఫికెట్ తీయించడం, పాస్‌పోర్ట్ సేవాలో పీసీసీకి (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) స్లాటు పెట్టడం వీళ్లకు అలవాటైన తిరుగుడే. పీసీసీకి సర్కారు ఫీజు 500 రూపాయలు. పైన ఎంత వేస్తున్నారో బిల్లులో విడిగా రాయించుకోండి. గుడి రసీదు పెళ్లి రుజువుగా చాలదని ముందే చెప్పే సెంటరైతే నమ్మొచ్చు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లయితే 30 రోజుల నోటీసు తప్పదు, రెండు వారాల సెలవులో వచ్చిపోయేవాళ్లకు అది కుదరదు.

తేడా వచ్చేది పేర్ల దగ్గర. పాస్‌పోర్టులో ‘వరంగల్, ఆంధ్రప్రదేశ్’, కొత్త సర్టిఫికెట్లో ‘హనుమకొండ, తెలంగాణ’ ఉంటే కొందరు గాబరా పెట్టేస్తారు. 2014లో రాష్ట్రం, 2016లో జిల్లాలు, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు మారాయి, అంతే. అసలు చూడాల్సింది సర్‌నేమ్ గడి. అది ఖాళీగా ఉంటే మీ పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, అసలు పేరు చోట వీసాలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) పడుతుంది. అమెరికాలో బ్యాంకులో, లైసెన్సులో అదే వెంటాడుతుంది. టెన్త్ మెమోలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నా ముందే సరిచూసుకోవాలి.

ఫారాలు వీళ్లతో నింపించకండి. ఐ-130 (భర్తకో భార్యకో వేసే మొదటి దరఖాస్తు) స్పాన్సరే, అంటే అక్కడున్న సిటిజనే, అమెరికా ఇమ్మిగ్రేషన్ సైటులోని తన అకౌంట్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి దానికి 625 డాలర్లు, కాగితం మీదైతే 675. అప్రూవ్ అయ్యాక ఫైలు చూసే ఎన్‌వీసీకి (నేషనల్ వీసా సెంటర్) వీసా దరఖాస్తుకు 325, స్పాన్సర్ ఆదాయ పత్రానికి 120 డాలర్లు వేరే. ఏజెంట్లు ఎన్‌వీసీ దగ్గర తమ ఈమెయిల్ పెట్టేస్తారు. డబ్బుల దగ్గర మాటామాటా వస్తే కేసు మెయిళ్లు మీకు అందవు. సొంత మెయిలే ఇవ్వండి.

ఐ-864, అంటే వచ్చేవాళ్లను పోషిస్తానని స్పాన్సర్ ఇచ్చే హామీ పత్రం, ఇంకా పెద్ద తలనొప్పి. స్పాన్సర్ ఆదాయం, కుటుంబ సైజును బట్టి, అక్కడి పేదరిక పరిమితికి 125 శాతమైనా ఉండాలి. ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కట్టిన పన్నుల వివరాల కాగితం, ఉచితంగా దొరుకుతుంది. అది పెట్టకుండా పే స్లిప్పులు గుట్టగా అప్‌లోడ్ చేస్తే ఫైలు తిరిగొస్తుంది.

కరిజ్మా ఆల్బమ్ మొత్తం స్కాన్ చేసి పెట్టడం మరో సరదా. తేదీ, ఎవరెవరున్నారో రాసిన ఇరవై ఫొటోలు, జాయింట్ అకౌంట్, నామినీ కాగితాలు, కలిసి తిరిగిన టికెట్లు అంతకంటే పనికొస్తాయి. ఐ-130తో పెట్టే తెలుగు కాగితాల అనువాదానికి నోటరీ అక్కర్లేదు. రెండు భాషలూ వచ్చనీ, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందనీ అనువాదకుడు రాసి సంతకం పెడితే చాలు. నోటరీ పేరుతో పేజీకింత అంటే కట్టకండి.

‘ఇంటర్వ్యూ హైదరాబాద్‌లనే అయితది అన్నా’ అనే కౌంటర్ నుంచి లేచి వచ్చేయండి. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇమ్మిగ్రెంట్ ఇంటర్వ్యూలు జరగవు, ముంబై వెళ్లాలి.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే అక్కడ దిగితే వచ్చేది రెండేళ్ల కార్డే. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (ఆ కార్డు మీదున్న షరతులు తీసేయమనే దరఖాస్తు) వేయాలి. ప్యాకేజీలో ఆ పని ఉందా అని అడిగి చూడండి.