‘ఫ్రెంచ్ వంశవృక్షం’ వాళ్ళకి డబ్బులు కట్టకండి

యానాం వాళ్ళందరికీ వాట్సాప్‌లో వస్తోందే, ఈఫిల్ టవర్ బొమ్మతో, ‘మీ ఫ్రెంచ్ మూలాలు 30 రోజుల్లో’ అని. వాళ్ళ గురించే. పేరు రాయను, మీకు తెలుసు. 32,000 కట్టాను. అదీ మొత్తం ముందే. అవును, చదువుకున్నవాణ్ణే.

మా ముత్తాత యానాంలో 1898లో పుట్టారు, వాళ్ళ నాన్నగారు 1871లో. ఆ పెద్దాయన ‘రెనోన్సాన్’ అయ్యారని ఇంట్లో అనుకునేవాళ్ళు. అంటే 1881 డిక్రీ ప్రకారం మన ఆచార చట్టం వదిలేసి, ఫ్రెంచ్ సివిల్ కోడ్ కిందకి వెళ్ళి, కొత్త ఇంటిపేరు రాయించుకోవడం. ఆ కాగితం దొరికితే నాన్న చేతిలో పెడదామనుకున్నాను. అంతే నా ఆశ.

నిన్న పీడీఎఫ్ వచ్చింది. మా పెద్దాయన తొమ్మిదో ఏట తండ్రి అయ్యారట! విషయం ఏంటంటే, ఆ కాలపు ఫ్రెంచ్ జనన రిజిస్టర్లలో ఏడాది అంకెల్లో కాదు, అక్షరాల్లో ఉంటుంది. ఫ్రెంచ్‌లో తొంభై ఎనిమిది అంటే ‘నాలుగిరవైల పద్దెనిమిది’. వీళ్ళు నాలుగిరవైల దగ్గరే ఆగిపోయి ముత్తాత పుట్టిన ఏడాది 1880 వేశారు. అది పోనీ అనుకుందాం. మన ఇంటిపేరు ముందొస్తుందిగా, దాన్ని మనిషి పేరనుకుని, అసలు పేరుని ఇంటిపేరు చేశారు. దాంతో తరానికో వంశం. చివరికి ఆయన ఎంచుకున్న ఫ్రెంచ్ ఇంటిపేరు పట్టుకుని మమ్మల్ని ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నావికుడెవరికో వారసుల్ని చేసేశారు. సింహం బొమ్మ రాజముద్ర ఉచితం. ఆ రోజుల్లో మనవాళ్ళు ఫ్రెంచ్ పేరు పెట్టుకుంటే ఫ్రెంచ్ రక్తం ఉన్నట్టు కాదురా నాయనా!

ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టడం నా రెండో తప్పు, నాన్న పక్కనే ఉన్నారు. అటువైపు మాట్లాడింది తెలుగాయనే. తప్పులు చెప్తుంటే నవ్వాడు. “మీకు ఫ్రెంచ్ మూలం కావాలన్నారు, ఇచ్చాం కదండీ. ఇంకా మీ ఇంటిపేరు గోల ఎందుకు? అసలు అప్పట్లో మీవాళ్ళకి ఇంటిపేర్లు ఎక్కడివండీ, తెల్లోడు రాసిందేగా!”

నాన్నకి 75 ఏళ్ళు. ఇప్పటికీ శుభలేఖ వస్తే ముందు ఇంటిపేరు చూసి, ఎవరి తాలూకో చెప్పే మనిషి. ఆయనేం అనలేదు. కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. నాకు నోట మాట రాలేదు. వచ్చేసరికి అవతల నన్ను బ్లాక్ చేశాడు. తర్వాత వెయ్యి మాటలు గుర్తొచ్చాయి, ఏం లాభం?

అసలు మంట ఇక్కడ. ‘ప్రత్యేకంగా సేకరించిన రికార్డు’ అని పెట్టిన పేజీని మా అక్క కొడుకు పావుగంటలో తీశాడు. ఫ్రాన్స్‌లోని ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లో వలస ప్రాంతాల పాత రికార్డులుండే జాతీయ ఆర్కైవ్స్ సైట్‌లో, పైసా కట్టకుండా. అదే పేజీ, అదే సిరా మరక. ఆ మరకకే 32,000 అన్నమాట.

మీరు వెతుక్కోవాలంటే ఆ సైట్‌లో ‘యనాఓన్’ (Yanaon) అని ఫ్రెంచ్ స్పెల్లింగుతో చూడండి, ఏడాదివారీగా ఉంటాయి. నూరేళ్ళు దాటినవే దొరుకుతాయి. పేర్లు గుమస్తా చెవికి వినపడ్డట్టు రాసినవి, ‘ఉ’ ఉన్నచోట ‘ఓ, యు’ రెండక్షరాలు ఉంటాయి, కాబట్టి నాలుగైదు రకాలుగా వెతకండి. ఎవరికైనా డబ్బు ఇస్తే, ఏ ఏడాది రిజిస్టరు, ఎన్నో నంబరు నమోదు అని ముందు అడగండి.

ఇంతలో ఫ్రేమ్ షాపు నుంచి ఫోన్. ఆ సింహం ముద్రకి టేకు ఫ్రేము నేనే ఆర్డర్ ఇచ్చాను, పీడీఎఫ్ పూర్తిగా చదవకముందే. రెడీ అయిందట, 1,800.