ప్లోవ్‌దివ్ మెహానాలో భోజనం: అడ్డంగా ఊపితే అవునని, గడ్డం ఎగరేస్తే కాదని

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ ఊళ్ళో, కపానా పేట సందుల్లో ఉంది ఈ మెహానా. మెహానా అంటే అక్కడి పాతకాలపు భోజనశాల. చెక్క బల్లలు, ఎర్ర చారల నేతగుడ్డలు, గోడకి ఎండుమిరప దండలు. నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తాను. వేసవికి తెనాలి నుంచి అమ్మ వస్తే ఇటు తీసుకొచ్చాను. అమ్మకి ఇంగ్లిష్ రాదు. మాంసం, గుడ్డు ముట్టదు. పరాయి దేశంలో హోటల్ అంటే ఆవిడకి ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. అలాంటి మనిషి ఇక్కడ కడుపునిండా తిని, రాత్రికి కూడా ఇక్కడికే వద్దామంది. వంట బాగుంది, ధర సబబుగానే ఉంది. అయినా ఇంత పొడుగ్గా రాస్తున్నది వడ్డించిన పెద్దావిడ కోసం.

బల్గేరియాలో తల ఊపడం మిగతా ఐరోపాకి తిరకాసు అని చాలామంది వినే ఉంటారు. వాళ్ళు అవునంటే అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకి ఎగరేస్తారు. జర్మన్లు, ఇంగ్లిష్ వాళ్ళు ఇక్కడికొచ్చి తల పట్టుకుంటారు. మన తెలుగువాళ్ళకి మాత్రం ఇందులో సగం పుట్టుకతో వచ్చిన విద్యే. మనం "సరే" అనడానికి తలని ఎలా ఊపుతామో ఓసారి అద్దంలో చూసుకోండి. చెవి భుజం వైపు వాలుతుంది, మళ్ళీ అటు వాలుతుంది. "కాదు" అనడానికైతే గడ్డం ఈ భుజం నుంచి ఆ భుజానికి తిరుగుతుంది. రెండూ అడ్డంగానే ఉన్నా మనకి ఎప్పుడూ తికమక రాదు. బల్గేరియా వాళ్ళ "అవును" ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కొంచెం వాలు, కొంచెం తిప్పు. పెద్దావిడ ఆర్డర్ రాసుకుంటూ తల అలా ఆడిస్తే అమ్మకి వింతేమీ అనిపించలేదు. "అర్థమైందంటోంది" అంది నాతో. పక్క బల్ల దగ్గర ఓ జర్మన్ జంట మాత్రం అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు.

ఇబ్బంది రెండో సగంతోనే. మెనూలో ఒక బొమ్మ చూపించి, అందులో మాంసం ఉందా అని నేను నేర్పిన ఒక్క ముక్కతో అమ్మ అడిగింది: "మేసో?" పెద్దావిడ గడ్డం పైకి ఎగరేసి, కనుబొమ్మలు లేపి, నాలుకతో చిన్నగా చప్పుడు చేసింది. అక్కడ దానర్థం "లేదు". మన దగ్గర గడ్డం ఎగరేసి కనుబొమ్మలు లేపితే "ఏంటి?" అని. అమ్మ గొంతు పెంచి మళ్ళీ "మేసో?" అంది. ఆవిడ మళ్ళీ గడ్డం ఎగరేసింది. "మాంసం ఉందా అంటే ఏంటి ఏంటి అంటుందేంట్రా" అంది అమ్మ నావైపు తిరిగి. ఆ నాలుక చప్పుడు మన "ప్చ్"లా వినిపించేసరికి, "పోనీలే, అయిపోయినట్టుంది పాపం" అనికూడా అనుకుంది.

నేను కల్పించుకునేలోపే పెద్దావిడ విషయం పట్టేసింది. విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. వంటింట్లోకి వెళ్ళి ఒక పళ్ళెం తెచ్చింది. అందులో కాల్చిన వంకాయ ముక్క, ఎర్ర మిరపకాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా తెల్ల చీజ్, ఒక గుడ్డు. ఒక్కోటీ వేలితో చూపిస్తూ అమ్మ మొహం చూసింది. వంకాయకి అమ్మ తల వాల్చింది. మిరపకాయకి, వెల్లుల్లికి, చీజ్‌కి కూడా. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యి అడ్డం పెట్టి మొహం తిప్పేసింది. పెద్దావిడ ఆ గుడ్డు తీసి తన ఏప్రన్ జేబులో వేసుకుంది. ఈ ఆర్డర్‌కి ఎవరికీ మాటతో పనిపడలేదు. అమ్మ పొలమారకుండా తిన్నదంటే ఆ పళ్ళెం పుణ్యమే.

తర్వాత ఇంకో తమాషా. తరాటోర్ అనే పెరుగు చారు గిన్నె ఖాళీ కాగానే ఆవిడ గరిట పట్టుకుని "ఇంకొంచెం?" అన్నట్టు చూసింది. అమ్మ మర్యాదగా తల అడ్డంగా తిప్పింది, వద్దని. అక్కడ అది "పొయ్యండి". పోసింది. అమ్మ ఇంకా గట్టిగా తిప్పింది. ఇంకా పోసింది. చివరికి అమ్మ పెళ్ళి పంక్తిలో విస్తరి మీద అడ్డం పెట్టినట్టు గిన్నె మీద రెండు చేతులూ పెట్టేసింది. పెద్దావిడకి అది వెంటనే అర్థమై పకపకా నవ్వింది. గిన్నె మీద చెయ్యి పెడితే తెనాలిలోనైనా ప్లోవ్‌దివ్‌లోనైనా చాలనే, తలతోనే పేచీ అంతా.

ఒక జాగ్రత్త. ఇక్కడ పనిచేసే కుర్రాళ్ళు విదేశీయుల్ని చూడగానే వాళ్ళ పద్ధతిలోకి మారిపోతారు, అవునంటే నిలువుగా ఊపడం లాగా. మంచి ఉద్దేశమే, కానీ దాంతో అసలుకే మోసం. ఏది వాళ్ళ ఊపో, ఏది మనకోసం మార్చిన ఊపో తెలియదు. ఇది కొత్త సంగతేం కాదు. 1877-78 రష్యా-టర్కీ యుద్ధంలో బల్గేరియాకి వచ్చిన రష్యన్ సైనికులకీ ఇదే చిక్కు వచ్చిందని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ రాశాడు. వాళ్ళు స్థానికుల పద్ధతిలో ఊపడం మొదలుపెట్టాక, ఈ రష్యన్ ఇప్పుడు తన పద్ధతిలో ఊపుతున్నాడా మా పద్ధతిలోనా అని బల్గేరియన్లకే అర్థం కాలేదట. కాబట్టి తల వైపు చూడకండి. "దా?" "నే?" అని నోటితో అడగండి. దా అంటే అవును, నే అంటే కాదు.

ఈ ఊపులకి టూరిస్టుల కోసం ఒక కథ చెప్తుంటారు. ఒట్టోమన్ల కాలంలో, అంటే టర్కీ వాళ్ళు బల్గేరియాని ఏలిన రోజుల్లో, మతం మారమని గొంతు కింద కత్తి పెడితే, వాళ్ళని ఏమార్చడానికి బల్గేరియన్లు అవును, కాదు తిరగేసుకున్నారని. నాకు నమ్మబుద్ధి కాలేదు. గడ్డం ఎగరేసి కాదనడం టర్కీలోనూ ఉంది, గ్రీసులోనూ ఉంది, దక్షిణ ఇటలీలోనూ ఉంది. ఏమార్చాల్సిన వాళ్ళే అలా కాదంటుంటే ఇక ఏమార్చేదేముంది?

ఇంగ్లిష్‌లో రివ్యూలు రాసిన కొందరు "సిబ్బంది నవ్వరు, మొహాలు మాడ్చుకుంటారు" అని మార్కులు తగ్గించారు. ఇది అన్యాయం. అమెరికాలో వెయిటర్ పేరు చెప్పుకుని, నవ్వి, అయిదు నిమిషాలకోసారి బాగుందా అని అడుగుతాడు. అక్కడ టిప్పు మీదే అతని బతుకు. ఇక్కడ కొత్తవాళ్ళని చూసి ఊరికే నవ్వడం అలవాటు లేదు, నవ్వు వచ్చినప్పుడే నవ్వుతారు. మీరు పిలిచేదాకా మీ బల్ల దగ్గరికి రాకపోవడం మర్యాద. బిల్లు కూడా అడిగితేనే తెస్తారు. మన టిఫిన్ సెంటర్లలో చెయ్యి కడుక్కునేలోపు బిల్లు వచ్చేస్తుంది కాబట్టి మనవాళ్ళకి ఇది నిర్లక్ష్యంలా కనిపించొచ్చు. గాల్లో రాస్తున్నట్టు చెయ్యి ఆడించండి, చాలు.

ఇక తిండి. కియోపోలు తప్పకుండా తినండి. కాల్చిన వంకాయ, మిరపకాయ, వెల్లుల్లి కలిపి మెదిపిన పచ్చడి. అమ్మ రొట్టె తుంచి చేత్తోనే కానిచ్చింది, ఎవరూ వింతగా చూడలేదు. మట్టిపాత్రలో వచ్చే బాబ్ చోర్బా చిక్కుడుగింజల చారు, పుదీనా వాసన ముందుగా తగులుతుంది. షోప్‌స్కా సలాడ్ మీద తురిమే చీజ్ మనకి ఉప్పెక్కువ. తరాటోర్‌లో దోసకాయ, వెల్లుల్లి, అక్రోటు ముక్కలు ఉంటాయి, ఎండ పూట ప్రాణం లేచొస్తుంది. శాకాహారులు "పోస్ట్నో" అని అడిగితే సరి. వాళ్ళ చర్చి ఉపవాసాల రోజుల్లో తినే వంటకాలు అవి, మాంసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు.

లోపాలూ ఉన్నాయి. రొట్టెకి, నీళ్ళకి విడిగా డబ్బులు. లోపల పొగ తాగరు కానీ బయటి బల్లల దగ్గర ధారాళంగా తాగుతారు, పిల్లలుంటే లోపలే కూర్చోండి. మెనూలో ప్రతి వంటకం పక్కన గ్రాములు వేస్తారు, అది చూడకుండా ఆర్డరిస్తే ఇద్దరికి నలుగురి తిండి వస్తుంది. దారంతా గుండ్రాళ్ళు పరిచిన వీధులు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టం. 2026 జనవరి నుంచి అక్కడ యూరోలే కాబట్టి డబ్బు మార్చుకునే తంటా లేదు. టిప్పు పది శాతం ఇస్తే సంతోషం.

పెద్దావిడ మధ్యాహ్నం పూటే ఉంటుంది, సాయంత్రం కుర్రాళ్ళు. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం వెళ్ళండి. కియోపోలు ముందే చెప్పి పెట్టుకోండి, మేము రాత్రికి వెళ్ళేసరికి అయిపోయింది.