తార్నాక ‘మంచి పుస్తకం’: ఏం కొనాలి, ఎలా వాడాలి

తెలుగులో పిల్లల పుస్తకాలు లేవని చాలామంది అంటుంటారు. ఉన్నాయి. అవి దొరికే చోటు తెలియాలి, దొరికినవాటిలో మన పిల్లలకి సరిపడేవి ఏరుకోవడం రావాలి. సికింద్రాబాద్ తార్నాకలోని ‘మంచి పుస్తకం’ అలాంటి చోటు. సొంతంగా పుస్తకాలు వేస్తారు, ఇతరులవీ అమ్ముతారు. ఈ పుస్తకాలు ఇంట్లోనూ, అపార్ట్‌మెంట్ పిల్లల లైబ్రరీలోనూ ఏళ్ల తరబడి చేతులు మారాక రాస్తున్న సమీక్ష ఇది. కాబట్టి అట్ట ఎంత అందంగా ఉందన్న దానికంటే ఏ పుస్తకం నలిగింది, ఏది కొత్తగానే మిగిలిపోయింది అన్నదే ఇక్కడ ముఖ్యం.

వీళ్ల జాబితాలో పెద్దవాళ్ల చెయ్యి ముందుగా వెళ్లేది పాత సోవియట్ బొమ్మల కథల మీదికి. ఒకప్పుడు మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపితే, విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో కారుచౌకగా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. వాటిలో కొన్నిటిని మంచి పుస్తకం మళ్లీ అందుబాటులోకి తెచ్చింది. బొమ్మలకు ఈ రోజుకీ సాటి లేదు. అయితే వాక్యాలు పొడుగు. మంచు, చలికాచుకునే పొయ్యి, కోటులాంటి సంగతులు మన నాలుగేళ్ల పిల్లకి పరాయివి. అందుకని ఇవి పిల్లలు సొంతంగా చదువుకోవడానికి కాదు, పక్కన కూచోబెట్టుకుని మనం చదివి వినిపించడానికి కొనాలి. మొదటిసారి బొమ్మలు మాత్రం చూపిస్తూ మన మాటల్లో కథ చెప్పేసి, రెండోసారి అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివితే రష్యన్ పేర్లు అడ్డురావు.

సొంతంగా చదవడం మొదలుపెట్టిన పిల్లలకి ఏరడమే అసలు కష్టం. అట్ట మీద వేసే వయసును నమ్ముకుంటే లాభం లేదు. మధ్యలో ఒక పేజీ తెరిచి ఒత్తులు చూడండి. అన్ని ఒత్తులూ ఒకటి కావు. అమ్మ, అక్క, పిల్లి, ముగ్గు లాంటి ద్విత్వాలు పిల్లలకి తొందరగా పట్టుబడతాయి, ఎందుకంటే ఆ మాటలు నోట్లో ముందే ఉన్నాయి. వేరే అక్షరం ఒత్తుగా వచ్చే రాత్రి, చంద్రుడు, ప్రయాణం లాంటి సంయుక్తాల దగ్గర ఆగుతారు. ఒకే అక్షరానికి రెండు ఒత్తులు పడే రాష్ట్రం, స్త్రీ లాంటి సంశ్లేషాలు వస్తే పుస్తకం మూసేస్తారు. ముప్ఫై మాటలున్న పేజీలో సంయుక్తాలు అయిదు దాటితే ఆ పుస్తకం ఇంకా మనం చదివి వినిపించాల్సినదే అని లెక్క పెట్టుకోవచ్చు. గుణింతాలు వచ్చి ఒత్తులు ఇంకా రాని పిల్లకి పేజీకి ఒకటి రెండు వాక్యాలు, వెనక్కీ ముందుకీ తిరిగి తిరిగి వచ్చే మాటలు ఉన్న పుస్తకాలే ఇవ్వాలి. అలాంటివి ఈ జాబితాలో ఉన్నాయి, మొదట అవే కొనండి.

తర్వాత చూడాల్సింది వరుసల మధ్య ఖాళీ. తెలుగులో ఒత్తు కిందికి దిగుతుంది, కింది వరుసలో గుడి పైకి లేస్తుంది. రెండూ రాసుకుంటే పెద్దవాళ్లం అలవాటు మీద చదివేస్తాం, పిల్లలు మాత్రం ఏ గుర్తు ఏ అక్షరానిదో తేల్చుకోలేరు. ఒత్తుకీ కింది గుడికీ మధ్య తెల్లకాగితం కనపడాలి. మొదటి పుస్తకాలకి 18 పాయింట్లకి తగ్గకుండా అక్షరం ఉండాలి.

ఎవరు వేసిన పుస్తకంలోనైనా కనిపించే ఇంకో చిక్కు ఉంది. మన అచ్చులో హైఫన్ లేకుండానే మాటను వరుస చివర విరిచేస్తారు. ‘పరిగెడుతున్నా’ ఒక వరుసలో, ‘డు’ కింది వరుసలో పడిందనుకోండి. పిల్లవాడు ‘పరిగెడుతున్నా’ దగ్గర ఆగి, పరిగెడుతున్నది నేను అని అర్థం చేసుకుంటాడు. పైగా ‘పరిగెడుతున్నా’ కూడా సరైన మాటే కాబట్టి పొరపాటు జరిగిందని వాడికి తెలియదు, కథ అర్థం కాలేదని మాత్రం అంటాడు. విరిగిన చోట పెన్సిల్‌తో చిన్న వంపు గీత గీసి కింది వరుసకి కలిపితే సరిపోతుంది. కొన్న రోజే పుస్తకం అంతా తిరగేసి ఈ పని చేసి ఇవ్వండి, ఒక ఇరవై నాలుగు పేజీల పుస్తకానికి పది నిమిషాలు పట్టదు.

ద్విభాషా పుస్తకాలు వీళ్ల దగ్గరా ఉన్నాయి, చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థవీ మంచివే. ఒకే పేజీలో ఇంగ్లిషు, తెలుగు రెండూ ఉంటే ఇంగ్లిషు మీడియం పిల్లల కన్ను ఇంగ్లిషు మీదికే పోతుంది. ఇంగ్లిషు ఉన్న మేరకి కాగితం పట్టీ కత్తిరించి, అంచున క్లిప్పు పెట్టి మూసేయండి. టేపు వద్దు, తీసేటప్పుడు అచ్చు లేచిపోతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లలకి దీనికి తలకిందులుగా చెయ్యాలి. ముందు ఇంగ్లిషులో కథ తెలిసిపోనిచ్చి, ఆ తర్వాత తెలుగు తెరిస్తే తెలిసిన కథ కాబట్టి అక్షరం మీద ధ్యాస నిలుస్తుంది.

ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌ను ఈ పుస్తకాలతోపాటు వాడుకుంటే ఖర్చు కలిసొస్తుంది. అందులో స్థాయిలు మాటల లెక్క మీద ఉంటాయి: మొదటిది 250 లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన. పీడీఎఫ్ ఉచితంగా దించుకోవచ్చు. అయితే ఆ స్థాయికి ఒత్తుల లెక్క తెలియదు. మొదటి స్థాయి కథలోనూ సంయుక్తాలు గుట్టగా ఉండొచ్చు. పైన చెప్పిన పరీక్ష అక్కడా చెయ్యాల్సిందే.

ఎనిమిదేళ్లు దాటాక బొమ్మల పుస్తకం చాలదు, లావుపాటి నవల భయపెడుతుంది. ఆ మధ్యకాలానికి ‘రైలుబడి’ని మించినది మాకు కనపడలేదు. 1981లో జపనీస్‌లో వచ్చిన తొత్తోచాన్ పుస్తకానికి తెలుగు ఇది. పాత రైలు పెట్టెల్లో క్లాసులు నడిచే బడి కథ. అధ్యాయాలు పొట్టివి, ఒక్కొక్కటీ విడిగా పూర్తవుతుంది కాబట్టి రోజుకొకటి చదివి ఆపినా తెగినట్టు ఉండదు. చివర్లో యుద్ధం వస్తుంది, బడి కాలిపోతుంది. సున్నిత మనసున్న పిల్లలైతే ఆ అధ్యాయాలప్పుడు పక్కన ఉండండి. దీని తర్వాత ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి మంచి పుస్తకం వేసిన పిల్లల నవలలకి వెళ్లొచ్చు, అవి తెలుగువాళ్లే తెలుగులో రాసినవి.

చేతికందిన వస్తువులతో సైన్సు బొమ్మలు చెయ్యడం నేర్పే అరవింద్ గుప్తా పుస్తకాలను చదవడానికి కాదు, చెయ్యడానికి కొనండి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్‌కి వేసే సన్న రబ్బరు ట్యూబు ఉంటే చాలు. ముందు అగ్గిపుల్లల మందు గీకేయాలి, ఇది పెద్దవాళ్ల పని. ట్యూబును రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఒక్కో ముక్కకి రెండు వైపుల నుంచీ పుల్లలు దూర్చాలి. మధ్యలో ట్యూబు వంగి మూల అవుతుంది. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే వాలిపోతుంది, మూడు పుల్లల త్రిభుజం కదలదు. టవర్ల నిండా త్రిభుజాలు ఎందుకుంటాయో వేళ్లకే తెలిసిపోతుంది. పుల్లలు లోపల ఒకదానికొకటి తగిలితే మూల వంగదు, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. స్టేషనరీ షాపులో వెతక్కండి, ఈ ట్యూబు సైకిల్ రిపేరు షాపులో దొరుకుతుంది.

ఇక మన్నిక. ఎవరివైనా సరే, చవకగా వచ్చే సన్న పుస్తకాలకి మధ్యలో పిన్నులే ఉంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో అవి తుప్పు పట్టి, నడిమి కాగితం ముందు ఊడుతుంది. తాడు కట్టి పుస్తకాలను మధ్యకి తెరిచి వేలాడదీసే పద్ధతి బడుల్లో ఉంది. చూడ్డానికి బాగుంటుంది గానీ బరువంతా పిన్ను మీదే పడి రంధ్రాలు సాగుతాయి. కొన్నాళ్లకి పిన్నులు తీసేసి దారంతో కుట్టుకోవడమే మేలు. మడత మీద మూడు రంధ్రాలు చేసి, పుస్తకం పొడవుకి మూడింతల దారం తీసుకోండి. లోపలి నుంచి నడిమి రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, నడిమిది వదిలేసి కింది రంధ్రంలో బయటికి, మళ్లీ నడిమి రంధ్రంలో లోపలికి. రెండు కొసలూ లోపల నిలువుగా ఉన్న దారానికి చెరోవైపు ఉంచి ముడి వెయ్యండి. అట్టకి అంటుకునే ప్లాస్టిక్ షీటు వెయ్యకండి, బుడగలు లేచి అట్టని లాగేస్తుంది.

కొనడానికి తార్నాక దాకా వెళ్లలేనివాళ్లు హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో చూసుకోవచ్చు. ఊళ్లో బంధువుల పిల్లలకి మనమే పంపాలంటే తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. రోడ్డు, రైలు మార్గాల్లో వెళ్తుంది కాబట్టి పుట్టినరోజు కానుకైతే కొన్ని రోజులు ముందే వేసేయండి.