రోటర్‌డామ్ గాబర్, బెర్లిన్ డిజిటల్ హార్డ్‌కోర్: ఎవరి కోపం వారిది

రెండూ 1990ల మొదట్లో పుట్టిన ఎలక్ట్రానిక్ సంగీత శైలులే, ఒకటి నెదర్లాండ్స్‌లో, ఇంకొకటి జర్మనీలో. రెండూ చెవులు చిల్లులు పడే మోతే. కోపం మాత్రం ఒకటి కాదు.

గాబర్‌ది మాటల్లేని మొండితనం. డచ్ వాడుకలో ఆ మాటకు 'దోస్తు' అని అర్థం. రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్ కిక్‌ను, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బను, మిక్సర్‌లో 'శబ్దం మితిమీరింది' అనే ఎర్ర లైటు వెలిగేదాకా పెంచుతారు, వెలిగాక ఇంకాస్త పెంచుతారు. ధ్వని తరంగాల కొనలు తెగిపోయి, 'ధమ్' అనాల్సిన దెబ్బ గరగరలాడుతూ సాగుతుంది. ఒక్కోసారి రాగం కూడా అదే. సౌండ్ ఇంజనీర్ 'తప్పు' అనేదే ఇక్కడ అసలు సరుకు! నిమిషానికి 160, 180 దెబ్బలు, ఊపిరి తీసుకునే సందుండదు.

బెర్లిన్ వాళ్లు నోరు విప్పారు. 1992లో మొదలైన అటారీ టీనేజ్ రయట్ బృందం పంక్ గిటార్ మోతనీ, ముక్కలు చేసిన బ్రేక్‌బీట్లనీ (పాత రికార్డుల నుంచి తీసుకున్న డ్రమ్ము వరసలు), నియోనాజీల (నేటి నాజీవాదుల) మీద అరుపులనీ కలిపేసింది. శత్రువెవరో సూటిగా చెప్పింది.

నేనైతే గాబర్ వైపే. నినాదం రెండోసారికే అలవాటైపోతుంది, ఆ చిరిగిన కిక్ మాత్రం నాకింకా అలవాటు కాలేదు. కాకపోతే మాటల్లేని చోట ఎవరైనా దూరొచ్చు. జాత్యహంకారులూ దూరారు. చివరికి గాబర్ రికార్డు కంపెనీలే తమ రికార్డుల మీద జాత్యహంకారానికి వ్యతిరేకంగా మాటలు అచ్చేయాల్సి వచ్చింది.