బొగ్గు వ్యాగన్ కిట్: ప్లాస్టిక్కా, వైట్‌మెటలా, ఇత్తడా?

మోడల్ రైళ్ళు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు వ్యాగన్ కిట్ కొనేముందు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ప్లాస్టిక్ మంచిదా, వైట్‌మెటల్ (తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహపు పోత) మంచిదా, ఇత్తడి రేకు మంచిదా? నీ చెయ్యి ఎంత తిరిగిందో దాన్నిబట్టి ఎంచుకో అని అందరూ చెప్తారు. అది సగమే నిజం. అసలు వ్యాగన్‌ని దేనితో కట్టారో ముందు చూడమంటాను నేను. చెక్కతోనా, ఉక్కు రేకుతోనా? జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

నేను కట్టేవి బ్రిటన్ బొగ్గు వ్యాగన్లు. డోర్నకల్‌లో పెరిగినవాణ్ణి. కొత్తగూడెం వైపు నుంచి వచ్చే బొగ్గు గూడ్సు డబ్బాలు లెక్కపెట్టకుండా గేటు దాటిన రోజు లేదు. ఇంగ్లండ్ వచ్చాక కూడా కన్ను వాటిమీదే పడింది. ఇక్కడ ఎక్కువమంది కట్టేది ఓఓ స్కేలు. అసలు బండిలో అడుగుకి మోడల్లో 4 మిల్లీమీటర్లు, అంటే 76వ వంతు.

రెండు వ్యాగన్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి బ్రిటన్ రైలు కంపెనీల ఉమ్మడి సంస్థ రైల్వే క్లియరింగ్ హౌస్ 1923లో ఖరారు చేసిన నమూనా ప్రకారం కట్టిన ఏడు పలకల చెక్క వ్యాగన్. రెండోది 1948లో రైళ్ళు ప్రభుత్వం చేతికి వచ్చాక బ్రిటిష్ రైల్వేస్ రెండు లక్షలకు పైగా కట్టించిన 16 టన్నుల ఉక్కు వ్యాగన్. రెండిటి పొడవూ పదహారున్నర అడుగులే, ఇరుసుల మధ్య దూరం 9 అడుగులే. మోడల్లో 66, 36 మిల్లీమీటర్లు. అడుగున దాదాపు ఒకే కొలత, తేడా అంతా పైన గోడల్లో ఉంది.

చెక్క పలక మందం రెండున్నర అంగుళాలు. 76తో భాగిస్తే 0.83 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ కిట్ గోడ ఒక మిల్లీమీటరు అనుకుంటే అసలుకి ఎంతో దూరం లేదు. పలకల మధ్య సందులు, బోల్టు తలలు కూడా పోతలో చక్కగా వస్తాయి. కాబట్టి చెక్క వ్యాగన్‌కి ప్లాస్టిక్కే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఉక్కు వ్యాగన్ సంగతి వేరు. దాని రేకు మందం కొన్ని మిల్లీమీటర్లే. మోడల్లో అది పదో వంతు మిల్లీమీటరు కూడా ఉండదు. అదే ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ గోడ పెడితే మూడంగుళాల మందం కోటగోడలా కనిపిస్తుంది. పావు మిల్లీమీటరు ఇత్తడి రేకు కూడా అసలుకన్నా మందమే, కానీ అంచు మీద కన్ను ఆగదు. అయితే ఇత్తడి ఊరికే లొంగదు. మడత కోసం రేకులో సగం లోతున చెక్కిన గీత లోపలికి వచ్చేలా మడవాలి, మూలమట్టం పెట్టి చూసుకోవాలి, ఫ్లక్స్ (టంకం పట్టేలా చేసే మందు) రాసి టంకం పెట్టాలి, ఆ తర్వాత బాగా కడగాలి. లేకపోతే రంగు నిలవదు. మొదటి కిట్‌గా ఇత్తడి వద్దు.

వైట్‌మెటల్ గురించి ఎక్కువ చెప్పను. మందం ప్లాస్టిక్ కన్నా ఎక్కువే, బరువూ ఎక్కువే. 70 డిగ్రీల దగ్గర కరిగే ప్రత్యేక టంకం వాడాలి. మామూలు వేడిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ తగిలిందా, ముక్కే కరిగిపోతుంది. బఫర్లకీ, ఇరుసు పెట్టెలకీ అది బాగుంటుంది. మొత్తం వ్యాగన్‌కి మాత్రం నేను వాడను.

ఏది కొన్నా మొదట మార్చాల్సినవి చక్రాలు. పాత కిట్లలో ప్లాస్టిక్ ఇరుసు ప్లాస్టిక్ గుంటలోనే తిరుగుతుంది. కొన్నాళ్ళకి గుంట అరిగి వ్యాగన్ ఒక పక్కకి కుంగుతుంది. ఆ గుంటని 2 మిల్లీమీటర్ల డ్రిల్లుతో, మోటారు పెట్టకుండా చేత్తోనే మెల్లగా తిప్పి పెద్దది చెయ్యండి. ఇత్తడి బేరింగు అందులో అంచుదాకా దిగాలి. సూదిమొనల లోహపు ఇరుసు పెట్టి, ఒక పక్క చట్రం మాత్రమే పూర్తిగా అంటించి, రెండోదాని అతుకు ఇంకా మెత్తగా ఉండగానే వ్యాగన్‌ని గాజు పలక మీద నిలబెట్టండి. నాలుగు మూలలూ వేలితో ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ఏ మూలైనా టక్కుమందంటే ఆ చక్రం గాజుకి ఆనలేదన్నమాట. అప్పుడే సరిచెయ్యాలి, ఎండాక లాభం లేదు. అసలు పట్టాల మధ్య దూరాన్ని సరిగ్గా తగ్గించి పెట్టే 18.83 మిల్లీమీటర్ల పీ4 గేజీకి వెళ్ళేవాళ్ళు ఒక ఇరుసుని ఊగేలా కట్టుకోవాలి. ఓఓ వాళ్ళు వాడే 16.5 గేజీ మీద ఇలా సమంగా కూర్చున్న వ్యాగన్‌కి ఆ అవసరం రాలేదు నాకు.

తర్వాత బరువు. ఇరుసుకి 25 గ్రాములని ఇక్కడ చాలామంది పాటించే లెక్క, అంటే నాలుగు చక్రాల వ్యాగన్‌కి 50. ప్లాస్టిక్ వ్యాగన్‌కి అడుగున ఉక్కు నట్లు పెట్టి సరిపెట్టండి. సీసం గుళ్ళని మాత్రం తెల్ల ఫెవికాల్ లాంటి జిగురుతో అంటించకండి. ఏళ్ళు గడిచేకొద్దీ సీసం తెల్లటి పదార్థంగా మారి ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి.

నా మొదటి చెక్క వ్యాగన్‌ పాడైంది నా చేతిలోనే. ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి అతికించే ద్రావకం కుంచెతో ధారాళంగా పూశాను. అతుకు అద్భుతంగా కుదిరింది, సంబరపడ్డాను. రెండు నెలలకి పొడవాటి గోడలు రెండూ లోపలికి వంగాయి. లోపల చిక్కుకున్న ద్రావకం ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తూనే ఉందన్నమాట. ఇప్పుడు కుంచె కొన అతుకుకి ఒక్కసారే తాకిస్తాను, మిగతాది దానంతటదే సందులోకి పాకుతుంది. గోడలకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ పట్టీ కూడా పెడతాను, పైన బొగ్గు పోస్తే అది కనపడదు.

ఉక్కు వ్యాగన్‌కి కూడా ఆ బొగ్గే దారి చూపింది. నిండు వ్యాగన్‌లో గోడ లోపలి భాగం కనపడదు, కనపడేది పై అంచు ఒక్కటే. ప్లాస్టిక్ గోడ లోపలి వైపు పై రెండు మిల్లీమీటర్లని కత్తితో ఏటవాలుగా గీకి, ఉప్పుకాగితంతో రుద్దితే అంచు రేకులా పలచబడుతుంది. అరగంట పని. ఖాళీ వ్యాగన్‌కి ఈ ఉపాయం చాలదు, లోపలంతా బయటపడుతుంది కాబట్టి. అందుకే నా లేఅవుట్‌లో గని నుంచి వచ్చే నిండు బండిలో ఉక్కు వ్యాగన్లన్నీ అంచు గీకిన ప్లాస్టిక్‌వి, గనికి తిరిగివెళ్ళే ఖాళీ బండిలో ముందు వరుస ఇత్తడివి. ఇప్పటికి నాలుగు ఇత్తడివి అయ్యాయి, ఐదోది మడత దశలో ఉంది.

నిండు వాటిలో పోసేది నిజం బొగ్గే. కొత్తగూడెం నుంచి అన్నయ్య ఇచ్చిన సింగరేణి ముక్క ఒకటి గుడ్డలో చుట్టి సుత్తితో నలిపి, టీ వడగట్టే జల్లెడలో జల్లించాను. పైన మిగిలిన రవ్వ సరిగ్గా సరిపోయింది.