దారిలో దొరికిందల్లా తినే కుక్క: మూతికి మజిల్ మేలా, శిక్షణ మేలా?

ఆదివారం హైదరాబాద్ కాలనీలు ఏం తిన్నాయో తెలియాలంటే సోమవారం పొద్దున్నే కుక్కను తీసుకుని ఒక రౌండ్ వేస్తే చాలు. బిర్యానీ పార్సిల్ డబ్బా, నమిలి పారేసిన కోడి ఎముకలు, రబ్బరు బ్యాండుతో సహా సాలన్ కవరు. వానాకాలంలో కాల్చిన మొక్కజొన్న కండెలు, ఎండాకాలంలో మామిడి టెంకలు. అమావాస్య మర్నాడైతే కూడలిలో పగిలిన దిష్టి గుమ్మడికాయ, పక్కనే సగం కాలిన కర్పూరం. ఇక ఆవులు, తోటి కుక్కలు, అప్పుడప్పుడు మనుషులు వదిలి వెళ్ళినవి సరేసరి. మా లాబ్రడార్ వీటిలో దేన్నీ కాదనదు.

"ఇంట్లో సరిగ్గా పెట్టట్లేదా అండీ?" అని అడిగేవాళ్ళకు ఒక మాట. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క ఉండదని, అలాంటి వాటికి తిండి యావ, బరువు రెండూ ఎక్కువని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో చెప్పారు. అలాగని మిగతా జాతులేవీ సన్యాసులు కావు. వాకింగ్‌కు ముందు కడుపునిండా పెడితే మానేస్తుందని చాలామంది అంటారు కానీ, పెరుగన్నం తినేసి వచ్చి కూడా ఎముక వాసన పట్టుకునే కుక్కలే ఎక్కువ.

మనకు రోత పుట్టించేది వేరు, కుక్కకు ముప్పు తెచ్చేది వేరు. పేడ నాకితే మనకు కడుపులో తిప్పుతుంది గానీ, దానికి చాలాసార్లు ఏమీ కాదు. వేరే కుక్కల మలంతో నులిపురుగులు రావచ్చు, టీకాలు పూర్తికాని కుక్కపిల్లకైతే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం. అసలు టెన్షన్ మనం పెద్దగా అసహ్యించుకోని వాటితోనే. ఉడికిన ఎముక చీలి గుచ్చుకుంటుంది. మొక్కజొన్న కండె, మామిడి టెంక పేగులో అడ్డంపడితే ఆపరేషన్ దాకా పోతుంది. కర్పూరం కుక్కలకు విషం.

మనలో ఎక్కువమంది చేసేది ఒకటే. గొలుసు లాగి, అరిచి, దవడ విడదీసి, వేళ్ళు పెట్టి బయటికి తీయడం. ఇది అన్నిటికంటే నాసిరకం పద్ధతి. యజమాని వంగుతున్నాడంటే లాక్కోబోతున్నాడని కుక్కకు అర్థమైపోతుంది. అంతకుముందు నోట్లో పెట్టుకుని నములుతూ నడిచేది, ఇప్పుడు చూడగానే గుటుక్కున మింగడం మొదలుపెడుతుంది. కొన్నయితే గుర్రుమంటాయి కూడా.

రెండో దారి మజిల్, అంటే కుక్క మూతికి తగిలించే తొడుగు. చూసినవాళ్ళు "అయ్యో పాపం" అంటారు గానీ, చేలో గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కట్టడం లాంటిదే ఇదీ. కాకపోతే ఏ మజిల్ అన్నదే అసలు ప్రశ్న. గుడ్డతోనో నైలాన్‌తోనో మూతిని బిగించి మూసేవి వాకింగ్‌కు పనికిరావు. కుక్క ఒంట్లో వేడి ముఖ్యంగా రొప్పడం ద్వారానే పోతుంది. మన ఎండల్లో నోరు మూసేస్తే వడదెబ్బ ఖాయం. బుట్ట ఆకారంలో ఉండేది కొనాలి. అది పెట్టాక కుక్క నోరు బాగా తెరిచి నాలుక చాపగలగాలి, నీళ్ళు తాగగలగాలి, ముక్కు కొస ముందువైపు రాసుకోకూడదు. కొనగానే తగిలించేయకుండా, లోపల కాస్త పెరుగు రాసి దానంతట అదే మూతి దూర్చేలా అలవాటు చేయాలి. పట్టీ బిగించడం తర్వాతి సంగతి.

దీని లోపాలు దీనికున్నాయి. ఎముకలు, టెంకలు ఆగుతాయి గానీ మెత్తటి సరుకు జాలీలోంచి లోపలికి దూరుతుంది. అప్పుడు కుక్క తృప్తిగా నాకుతూ నడుస్తుంది, ఇంటికొచ్చాక కడుక్కోవడం మన వంతు. అంతకంటే పెద్ద చిక్కు వీధికుక్కలు. గుంపుగా మీదికొచ్చే సందులోకి మూతి కట్టేసిన కుక్కను తీసుకెళ్ళడం అన్యాయం. పైగా మజిల్ తినడాన్ని ఆపుతుందే గానీ, వదిలేయడం నేర్పదు.

నేర్పేది మూడో దారి. దీనికి రెండు మాటలు కావాలి. నోట పెట్టకముందు "వదులు", పెట్టాక "ఇచ్చెయ్". మొదటిదాన్ని ఇంట్లోనే మొదలుపెట్టాలి. గుప్పిట్లో మామూలు బిస్కెట్, వెనక్కి పెట్టుకున్న చేతిలో ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన చికెన్ ముక్క. కుక్క గుప్పిటను నాకుతుంది, పంజాతో గీరుతుంది, మూతితో పొడుస్తుంది. మనం కిక్కురుమనకూడదు. విసుగొచ్చి మూతి వెనక్కి తీసిన ఆ క్షణంలోనే రెండో చేతిలోది ఇవ్వాలి. గుప్పిట్లోది మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు. ఇస్తే, కాసేపు ఆగితే అదే దక్కుతుందన్న పాఠం నేర్చుకుంటుంది. గుప్పిట తెరిచినా జోలికి రాకపోతే అప్పుడు ఆ మాట జతచేయాలి. తర్వాత నేలమీద, తర్వాత మేడమీద, చివరికి రోడ్డు మీద. "ఇచ్చెయ్" అన్నది మార్పిడి బేరం. బొమ్మ ఇస్తే చికెన్, పైగా బొమ్మ కూడా తిరిగి దొరుకుతుంది. ఈ బేరంలో ఎప్పుడూ నష్టపోని కుక్కకు దాచుకుని మింగాల్సిన అవసరం ఉండదు.

దీనికి వారాలు పడుతుంది. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. నాన్న "నో" అని, తాతయ్య "ఛీ ఛీ" అని, పిల్లలు "డ్రాప్" అని అంటుంటే కుక్క ఎవరి మాటా వినదు, అందులో దాని తప్పేమీ లేదు. ఇంకో పరిమితి ఏంటంటే, ఎముకను దానికంటే ముందు మనం చూడాలి. ఫోన్ చూస్తూ నడిచేవాళ్ళకు ఈ పద్ధతి పనిచేయదు.

మరి ఏది మేలంటే, నేను చూసేది ఒక్కటే: మీ కుక్క నమిలేదా, మింగేదా? దొరికినదాన్ని నోట కరుచుకుని ఊరేగేదైతే మజిల్ అక్కర్లేదు, శిక్షణ చాలు. ఆరు నెలల లోపు పిల్లలకూ అంతే. చూసిన మరుక్షణం మింగే పెద్ద కుక్కకైతే ముందు బుట్ట మజిల్, దాని చాటున శిక్షణ. మాట నిలకడగా వింటుందని తేలేదాకా మజిల్ తీయకండి. రెండింటితో పాటు సాగే తాడు మానేసి రెండు మీటర్ల మామూలు తాడు పట్టుకోవాలి, చికెన్ పకోడీ బండి ఉండే వీధి వదిలి పక్క వీధిలో నడవాలి. ఇది పైసా ఖర్చులేని పని, దీన్నే ఎవరూ చేయరు.

ఇదివరకు లేనిది ఉన్నట్టుండి మట్టి, మలం తినడం మొదలుపెడితే మాత్రం శిక్షణ కంటే ముందు డాక్టర్. పురుగులు, రక్తహీనత, ప్యాంక్రియాస్ లోపం, దేనివల్లయినా కావచ్చు. స్టెరాయిడ్ మందులు వాడుతున్నా ఆకలి విపరీతంగా పెరుగుతుంది.

ఎలుకల మందు తిన్నదని అనుమానం వస్తే ఆ ప్యాకెట్ దొరికినంత మేరకు తీసుకుని వెంటనే పరుగెత్తండి. బాగానే ఆడుకుంటోంది కదా అని ఆగొద్దు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకమైతే లక్షణాలు మూడు నుంచి అయిదు రోజులకు గానీ బయటపడవు. దానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. వాంతి చేయించాలని ఉప్పునీళ్ళు మాత్రం పట్టకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.